అక్కర్లేని మనిషి ఎవరు? ఇల్లు ఖాళీ చేయించే ముందు ఒక ప్రశ్న

బెంగళూరులోని తెలుగు సంఘాల్లో ప్రార్థన విన్నపాలు చెప్పుకొనే సమయంలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "మా ఇంటి విషయం గురించి ప్రార్థించండి." అంతకు మించి ఎవరూ చెప్పరు. కదిపి అడిగితే కథ బయటికొస్తుంది. ఉద్యోగం దొరికేదాకా ఉంటానని వచ్చిన మేనల్లుడు ఐదేళ్లయినా అత్తయ్య ఇల్లు వదలడు. పెన్షన్ మీద బతికే తల్లి ఇంట్లో కొడుకు తిష్ట వేసి, తాగొచ్చి ఆమె మీదే కేకలు వేస్తాడు. భర్త వదిలేసి వెళ్లిన కోడలు అత్తమామల ఇంట్లోనే ఉంటుంది. ఆమెను ఎలా పంపాలా అని వాళ్లు, ఎక్కడికి వెళ్లాలా అని ఆమె.

ఈ నగరంలో ఇది ఎందుకింత మామూలైందో మనకు తెలుసు. అద్దె ఇల్లు కావాలంటే పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టమనే అలవాటు ఇక్కడ చాలా కాలం నడిచింది. ఊరి నుంచి వచ్చినవాళ్లకు మొదటి ఆసరా చుట్టాల ఇల్లే. అది మంచి అలవాటు. దిక్కులేనివారిని ఇంట చేర్చుకోమని యెషయా 58వ అధ్యాయం చెబుతుంది. అయితే చేర్చుకున్న చోటే చిక్కు మొదలైనప్పుడు ఏం చేయాలో మన సంఘాల్లో ఎవరూ నేర్పరు. ఒకరు "సర్దుకుపొండి" అంటారు. ఇంకొకరు "సామాను బయట పడేసి తాళం మార్చండి" అంటారు. మేము ఈ రెండూ తప్పంటున్నాం. మొదట అడగాల్సింది, ఆ ఇంట్లో నిజంగా బలహీనులు ఎవరు అని.

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో బెంగళూరు నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చూపిస్తుంది. ఉత్తర బెంగళూరులోని ఒక ఇంట్లో భర్తతో విడిపోయిన స్త్రీ, ఆమె కూతురు ఉంటున్నారు. స్థలం మొదట భర్త పేరున ఉండేది. తర్వాత అతని తండ్రికి అమ్మకమైంది, అక్కడి నుంచి గిఫ్ట్ డీడ్ ద్వారా తల్లి పేరుకు మారింది. అత్తమామలు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద అసిస్టెంట్ కమిషనర్‌ను ఆశ్రయించారు. కోడలు ఇల్లు ఖాళీ చేయాలని ఆదేశం వచ్చింది. డిప్యూటీ కమిషనర్, ఆ తర్వాత హైకోర్టు దాన్ని సమర్థించారు. 2020 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని కొట్టివేసింది.

ఆ తీర్పు చెప్పింది స్థూలంగా ఇది. వృద్ధుల రక్షణకు అవసరమైతే ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించవచ్చు. కానీ 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కోడలికి ఇచ్చిన నివాస హక్కును, వృద్ధుల చట్టాన్ని అడ్డం పెట్టుకుని తీసేయకూడదు. రెండు చట్టాలూ బలహీనుల కోసం పుట్టినవే. ఒకదాన్ని రెండోదాని మీద కర్రగా వాడకూడదు. ఆమె తన హక్కు కోసం తగిన కోర్టుకు వెళ్లేందుకు ఏడాది పాటు ఎవరూ బలవంతంగా ఖాళీ చేయించరాదని కూడా ధర్మాసనం ఆదేశించింది. అంతకు రెండు నెలల ముందు, అదే ఏడాది అక్టోబర్ 15న, ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కోడలు వారితో కలిసి కాపురం చేసిన ఇల్లయితే అక్కడ నివాస హక్కు అడగవచ్చని సుప్రీంకోర్టు ఇంకో కేసులో తేల్చింది.

"అయితే చట్టం ఎప్పుడూ ఇంట్లో ఉన్నవాళ్ల వైపేనా?" అని అడగవచ్చు. కాదు. గోవాకు చెందిన ఒక క్రైస్తవ కుటుంబం కేసు 2012లో సుప్రీంకోర్టులో తేలింది. ఇల్లు సోదరిది. ఆమె దయతో అందులో ఉన్న సోదరుడు అది తనదన్నాడు. కోర్టు సోదరి పక్షాన నిలిచింది. బంధుత్వం కొద్దీనో, ఇల్లు చూసుకొమ్మనో ఉండనిచ్చిన వ్యక్తి ఎన్నేళ్లు ఉన్నా, ఆ ఉండటం వల్ల ఇంటి మీద హక్కు పుట్టదని స్పష్టంగా చెప్పింది. మన బస్తీల్లో తిరిగే "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాడిదే" అన్న మాటకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది. యజమాని అనుమతితో ఉన్నంతకాలం ఆ పన్నెండేళ్ల లెక్క మొదలే కాదు.

క్రైస్తవ కుటుంబాలు తెలుసుకోవాల్సిన మరో సంగతి ఉంది. 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం కింద క్రైస్తవుల పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా ఏదీ లేదు. వారు బతికున్నంతకాలం వారి ఆస్తి వారిదే. "ఎప్పటికైనా నాకే కదా" అంటూ తల్లి గదిని ఆక్రమించుకున్న కొడుకుకు ఆ మాట మీద నిలబడే హక్కు లేదు.

రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చోట ఇంట్లో ఉన్న మనిషి బలహీనురాలు. రెండో చోట ఇంటి యజమానురాలే అన్యాయానికి గురైంది. "అక్కర్లేని మనిషి" అన్న పేరు ఎవరికైనా తగిలించవచ్చు. అందుకే ఆ పేరుతో తీర్పు చెప్పకూడదు.

మీకా ప్రవక్త ఈ రెండింటినీ ఒకే అధ్యాయంలో చూశాడు. రెండో అధ్యాయం మొదట్లో ఇతరుల ఇళ్ల మీద ఆశపడి వాటిని లాక్కొనేవారిని గద్దించాడు. అదే అధ్యాయం తొమ్మిదో వచనంలో స్త్రీలను వారి ఇళ్లలో నుంచి వెళ్లగొట్టేవారిని గద్దించాడు. ఇల్లు ఆక్రమించడమూ పాపమే, ఇంటి నుంచి గెంటేయడమూ పాపమే. మనం మాత్రం మనకు అనుకూలమైన సగమే చదువుతున్నాం. కొడుకు తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞను భార్యను పంపేయడానికి ఎత్తి చూపిస్తాడు. తల్లి మందుల ఖర్చు దగ్గర మాత్రం ఆ ఆజ్ఞ గుర్తుకు రాదు. మార్కు 7వ అధ్యాయంలో యేసు కొర్బాను గురించి మాట్లాడింది ఇలాంటివారి గురించే. దేవుని పేరు చెప్పి తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవారిని ఆయన క్షమించి వదల్లేదు, నిలదీశాడు.

మరి ఆచరణలో ఏం చేయాలి?

మొదటిది, బలప్రయోగం వద్దు. తాళం మార్చడం, కరెంటు, నీళ్లు ఆపించడం, సామాను వీధిలో పెట్టించడం, నలుగురు కుర్రాళ్లను తీసుకెళ్లి బెదిరించడం, ఇవన్నీ న్యాయం మీ వైపు ఉన్నా మిమ్మల్ని దోషులను చేస్తాయి. ఒక చోట స్థిరపడి ఉంటున్న మనిషిని అసలు యజమాని అయినా చట్టబద్ధంగానే పంపాలని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. చట్టం దాటి గెంటేస్తే, ఆ మనిషి ఆరు నెలల్లోగా స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ కింద దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు.

రెండోది, మాటను కాగితం మీదకు తేవాలి. "ఫలానా తేదీ దాకా ఉండు, ఆ తర్వాత వెళ్లాలి" అని ఇద్దరు పెద్దల ముందు చెప్పి, రాసి, సంతకాలు తీసుకోవాలి. మేనల్లుడో తమ్ముడో వినకపోతే అనుమతి రద్దు చేస్తున్నట్టు నోటీసు ఇచ్చి సివిల్ కోర్టుకు వెళ్లాలి. కొత్తగా ఎవరినైనా చేర్చుకునే రోజే ఈ కాగితం రాసుకుంటే మరీ మంచిది. అది ప్రేమ లేకపోవడం కాదు. ప్రేమ చెడిపోకుండా కాపాడుకోవడం.

మూడోది, ఎవరు ఏ తలుపు తట్టాలో తెలిసి ఉండాలి. కొడుకో కూతురో వేధిస్తున్న తల్లిదండ్రులు 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కర్ణాటకలో అది అసిస్టెంట్ కమిషనర్ దగ్గర, తెలుగు రాష్ట్రాల్లో ఆర్డీఓ దగ్గర ఉంటుంది. లాయర్ తప్పనిసరి కాదు. పిల్లలు లేని వృద్ధులు తమ ఆస్తికి వారసులయ్యే బంధువుపై పోషణ కోసం దరఖాస్తు చేయవచ్చు. చూసుకుంటామని చెప్పి ఇల్లు రాయించుకున్నవారు మాట తప్పితే 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. అలాంటి సందర్భంలో ఇంటి స్వాధీనం కూడా తిరిగి ఇప్పించవచ్చని 2025 జనవరి 2న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ షరతు ఉందని చూపాల్సి ఉంటుంది కాబట్టి, గిఫ్ట్ డీడ్‌లోనే "నన్ను చూసుకోవాలి" అని రాయించడం మేలు.

హింస పడుతున్న స్త్రీలకు 2005 చట్టం ఉంది. ఇది కోడళ్లకు మాత్రమే కాదు. కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లి, అన్న వేధించే చెల్లెలు కూడా దీన్ని ఆశ్రయించవచ్చు. కొట్టేవాడినే ఇంటి నుంచి బయటికి వెళ్లమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. వృద్ధుల కోసం 14567, మహిళల కోసం 181, ఉచిత న్యాయ సహాయం కోసం 15100 నంబర్లు ఉన్నాయి. ఈ మూడూ ప్రతి సంఘం నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఇక సంఘ పెద్దలకు, పాస్టర్లకు ఒక మాట. ఇంటి తగాదా మీ దగ్గరకు వచ్చినప్పుడు ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ప్రార్థన చేసి పంపేస్తే సరిపోదు. భయపడే మనిషి, భయపెట్టే మనిషి ఎదుట నోరు విప్పరు. ముందుగా విడివిడిగా వినండి. ఇల్లు ఎవరి పేరున ఉంది అనే కాదు, ఈ ఇల్లు పోతే ఈ రాత్రి పడుకోవడానికి చోటు లేనిది ఎవరికి అని కూడా అడగండి. కానుకలు ఎక్కువ ఇచ్చేవారు ఎవరన్నది మరిచిపోండి. దెబ్బల సంగతి తెలిస్తే రాజీ మాట ఎత్తకండి, రక్షణ మాట ఎత్తండి. వెళ్లాల్సిన వ్యక్తికి చోటు లేకపోతే నెలో రెండు నెలలో అద్దె సాయం చేయడం సంఘానికి అసాధ్యం కాదు. కోర్టు ఎవరు వెళ్లాలో చెబుతుంది. వెళ్లినవాళ్లు ఎక్కడ ఉండాలో చూడటం మన పని.

యువతీయువకులకూ ఒకటి చెప్పాలి. మీలో చాలామంది ఈ నగరంలో పిన్ని ఇంట్లోనో బాబాయి ఇంట్లోనో బతుకు మొదలుపెట్టినవారే. ఉన్నన్నాళ్లూ ఖర్చులో మీ వంతు ఇవ్వండి, వెళ్లే తేదీ మీరే ముందుగా చెప్పండి. అలాగే మీ ఇంట్లో అమ్మమ్మ పెన్షన్ ఎవరి చేతికి వెళ్తోందో, విడిపోయిన వదిన ఏ గదిలో ఎలా ఉంటోందో కళ్లు తెరిచి చూడండి. తప్పు చేస్తున్నది మీ సొంత అన్నయ్యే అయినా, "అన్నయ్యా, ఇది న్యాయం కాదు" అని ముందుగా చెప్పాల్సింది మీరే.