ఎండకూ కొవ్వుకూ లంకె ఉందా?

రక్తపరీక్ష రిపోర్టులో ‘డి’ విటమిన్ తక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ... ఈ రెండూ కలిసి కనిపించడం మామూలే. దాంతో ‘డి’ మాత్ర వేసుకుంటే కొవ్వూ దిగొస్తుందనుకుంటారు చాలామంది. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. చర్మంలో ఉండే ఒకే ముడిసరుకు ఎండ తగిలితే ‘డి’ విటమిన్‌గా, లేకుంటే కొలెస్ట్రాల్‌గా మారుతుంది మరి!

అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘డి’ లోపమున్న 151 మందిని ఎంచుకుని, కొందరికి వారానికి 50 వేల యూనిట్ల చొప్పున 8 వారాలు ఇచ్చి చూశారు. 2012లో వెలువడిన ఫలితమేంటంటే... విటమిన్ పెరిగింది కానీ కొలెస్ట్రాల్ తగ్గలేదు. దాదాపు 26 వేలమందితో సాగిన ‘వైటల్’ అధ్యయనమూ 2018లో ఇంచుమించు ఇదే తేల్చింది. రోజూ 2 వేల యూనిట్లు వేసుకున్నా గుండెపోట్లు తగ్గలేదు.

మరి రెండూ కలిసి ఎందుకొస్తాయి? బరువు ఎక్కువై, గడప దాటకుండా కూర్చునేవారికి ఆ రెండు ఇబ్బందులూ తప్పవు.

‘డి’ లోపముంటే ఎముకల కోసం డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. మితిమీరితే రక్తంలో క్యాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు. విటమిన్ వాడుతున్నాం కదా అని కొలెస్ట్రాల్ మాత్రలు మాత్రం సొంతంగా మానేయొద్దు. ఎండలో నడవండి, మంచిదే. కాకపోతే కొవ్వు సంగతి చూసుకునేది ఎండ కాదు, నడక!