ఇష్టానికి కూడా లెక్క చెప్పాలా?

ఆడవాళ్ళ చిన్న చిన్న సరదాలకి మన ఇళ్ళల్లో రెండే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. "ఇప్పుడది అవసరమా?" అనేది మొదటిది. "దాంతో ఏమన్నా నాలుగు డబ్బులొస్తాయా?" అనేది రెండోది. ఈ రెండూ అడగాల్సిన ప్రశ్నలే కావని నా అభిప్రాయం.

మాది నెల్లూరు జిల్లాలో మైపాడు వైపు ఒక పల్లె. చుట్టూ వరి పొలాలు, రొయ్యల గుంటలు, ఆ పక్కన సముద్రం. ఇక్కడ మగవాళ్ళ సరదాలకి సంజాయిషీ అడిగేవాళ్ళు లేరు. టీ బంకు దగ్గర గంటలకొద్దీ కబుర్లు, క్రికెట్ ఉన్నరోజు టీవీ వాళ్ళదే, కొత్త సినిమా వస్తే నెల్లూరికి ప్రయాణం. నేను తప్పు పట్టడం లేదండీ. రాత్రంతా గుంట గట్టుమీద కాపలా ఉండే మనిషికి ఆ మాత్రం ఉండాలి. కానీ అదే ఇంట్లో ఆడమనిషి ఇష్టపడి ఒక వెంకటగిరి చీర కొనుక్కుంటే, "బీరువా నిండా ఉన్నాయి కదమ్మే, ఇంకా ఎందుకు?" అంటారు. నవల పట్టుకుని కూర్చుంటే, "పనేం లేనట్టుందే!" అంటారు.

వెంకటగిరి చీర మీద ఇష్టమంటే చీరల మీద ఆశ మాత్రమే కాదు. సన్నటి నూలు, అంచున జరీ. జాందానీ నేతలో బుటా అద్దింది కాదు, మగ్గం మీదే పోగు పోగూ చేత్తో వేసి తీర్చింది. ఆ పనితనం తెలిసి, వేలితో తడిమి చూసి మురిసిపోవడం కూడా ఒక విద్యే. సంగీతం తెలిసినవాళ్ళు రాగం గుర్తుపడితే మెచ్చుకుంటాం కదా, నేత గుర్తుపట్టే ఆడవాళ్ళని మాత్రం చీరల పిచ్చి అంటాం.

నవలల సంగతీ అంతే. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 1960ల్లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ నవలలు 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ 1973లోనే సినిమాలయ్యాయి. 'సెక్రటరీ' 1976లో అయింది. అవి ఆడపిల్లల్ని కలల్లో ముంచేస్తాయని అప్పట్లో వెక్కిరించినవాళ్ళు చాలామంది. నన్నడిగితే, రోజంతా పొయ్యి ముందు ఉండే మనిషికి ఓ గంట కల దొరికితే ఎవరికి నష్టం? మాలతీ చందూర్ గారిని చూడండి. వంటల పుస్తకం రాసిన చేత్తోనే ఇంగ్లీషు నవలల్ని 'పాత కెరటాలు' పేరుతో మన ఇళ్ళల్లోకి తెచ్చారు. వంటింటికీ పుస్తకానికీ పడదని ఎవరన్నా అంటే నాకు ఆవిడే గుర్తొస్తారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా పెద్దమ్మ గురించి. మహా పనిమంతురాలు. పిల్లలు అమెరికా వెళ్ళారు, పెదనాన్న పోయారు. ఇంట్లో ఒక్కతే మిగిలింది. ఆ మధ్య చూడటానికి వెళ్ళి, "ఈరోజు నువ్వు కూర్చో, నేను వండుతా. నీకేం ఇష్టమో చెప్పు పెద్దమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి, "మీ పెదనాన్నకి మామిడికాయ వేసిన చేపల పులుసు ఇష్టం" అంది. "నీకు?" అన్నాను మళ్ళీ. నవ్వి ఊరుకుంది. డెబ్భై ఏళ్ళ మనిషికి తనకేం ఇష్టమో తెలియలేదు. ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు.

మా అమ్మా ఒంటరిదే. కానీ ఆవిడ దగ్గర వారపత్రికల్లోంచి చించి, సూదీదారంతో కుట్టుకున్న సీరియళ్ళ కట్టలున్నాయి. నాన్న పోయిన ఏడాది వాటినే మళ్ళీ మళ్ళీ చదివింది. దుఃఖం తీరిందని అనను. మధ్యాహ్నాలు గడిచాయి. కథలు చెప్పుకోవడానికి పక్కింటివాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఒకప్పుడు "ఈ చెత్తంతా ఎందుకు?" అని ఇంట్లో అనిపించుకున్న కాగితాలే అవి.

ఇక రెండో ప్రశ్న. ఈమధ్య ఎవరన్నా బాగా కుట్టినా, ముగ్గేసినా, ఊరగాయ పెట్టినా, "అమ్మకూడదూ? ఛానల్ పెట్టకూడదూ?" అనేస్తున్నారు. డబ్బు అవసరమైన ఇంట్లో ఆ మాట బంగారం. మా వీధిలోనే కుట్టుమిషన్ మీద పిల్లల్ని చదివించిన తల్లులున్నారు. కానీ అందరికీ అదే సలహా ఎందుకు? ఆర్డరు వచ్చాక అది పని. గడువుంటుంది, బేరముంటుంది. రోజులో పని కానిది ఒక్కటైనా మిగలొద్దా?

"అందరికీ చీరలు కొనే స్తోమత ఉందా?" అని మీరు అడగచ్చు. లేదు. అందుకే ఖరీదు గురించి కాదు నా మాట. మైపాడు ఒడ్డున గవ్వలు ఏరుకోవడానికి పైసా ఖర్చు లేదు. డాబా మీద రెండు కనకాంబరం మొక్కలకి పాత బకెట్లు చాలు. కావాల్సిందల్లా రోజుకో అరగంట, ఆ అరగంటలో "అమ్మా, నా చార్జర్ ఎక్కడ?" అని ఎవరూ పిలవకపోవడం. అది ఇంట్లోవాళ్ళు ఇవ్వాలి. ఇవ్వకపోతే మనమే తీసుకోవాలి, సంజాయిషీ లేకుండా.

ఈ వారం ఒక పని చేయండి. మీ అమ్మనో అత్తగారినో, "నీకేం ఇష్టం?" అని అడగండి. పిల్లలకీ, ఆయనకీ ఏం ఇష్టమో చెప్తే వదిలిపెట్టకండి. మళ్ళీ అడగండి.