పూసల లెక్క

అమరకోశం హారాలకు లెక్కను బట్టి పేర్లు చెప్పింది. ఒంటిపేట హారం ఏకావళి. అందులో 27 ముత్యాలుంటే నక్షత్రమాల. నేడు ఉద్యోగుల మెడలోని గుర్తింపు కార్డుకు సైతం పూసల దండలు వచ్చాయి. వీటిని ఇంటివద్దనే గుచ్చి అమ్ముకోవడం మహిళలకు అనువైన ఉపాధి.

అయితే వెల కట్టే తీరు మారాలి. పూసలు, తీగ, కొక్కెం ఖరీదుకు పది రూపాయలు చేర్చి అమ్మితే, రంగులు కూర్చిన కంటికీ, గుచ్చిన వేళ్ళకూ కూలి దక్కదు. ఒక దండకు రెండు గంటలు పడితే, ఆ రెండు గంటల కూలినీ ధరలో చేర్చాలి. బేరమాడేవారికి ఆ లెక్క చెప్పడానికి సంకోచం అక్కరలేదు.

తగిన ధర కోరేవారు నాణ్యతకూ బాధ్యులు. తీగ కార్డు బరువుకు తెగరాదు. గట్టిగా లాగితే విడిపోయే బిగింపును మెడ వెనుక అమర్చాలి. యంత్రాల వద్ద పనిచేసేవారికి అదే రక్ష.

తిరుపతి జిల్లా పాపానాయుడుపేట గాజుపూసలకు పేరొందింది. కరిగిన గాజును బోలు గొట్టంగా సాగదీసి, ముక్కలుగా కోసి పూసలు చేయడం అక్కడి ప్రాచీన విద్య. పూసలో ఒకరి శ్రమ, దండలో మరొకరి శ్రమ ఉన్నాయి. ముత్యాలను లెక్కించి పేర్లు పెట్టిన సంప్రదాయం మనది. వాటిని గుచ్చిన గంటలనూ లెక్కించడం న్యాయం.