రెండు ఓట్లు వేసిన అమ్మాయి

జూన్ 4వ తేదీన శ్రీకాకుళం జిల్లాలోని నా మిత్రుని ఇంట్లో అందరూ ఒక ఫలితం కోసం టీవీ ముందు కూర్చుని ఉంటే, రెండవ ఫలితం పిలవకుండానే వచ్చింది. లోక్‌సభ ఓట్ల లెక్కింపు సాగుతున్న ఆ రోజే నీట్ ఫలితాలు కూడా విడుదలయ్యాయి. అవి జూన్ 14న వస్తాయని అంతకుముందు చెప్పి ఉన్నారు. మిత్రుని కుమారునికి 17 ఏళ్లు. ఓటు లేదు గాని పరీక్ష ఉంది. గత ఏడాదైతే ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు ఖాయమనుకోదగిన మార్కులే వచ్చాయి. ర్యాంకు మాత్రం ఎక్కడో తేలింది. ఢిల్లీలో ఎం.ఏ. చదువుతున్న వాళ్లక్క ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, "మన దగ్గర ఎవరు గెలిచారే అమ్మా" అని అడిగితే, తల్లి ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తమ్ముడి ర్యాంకు చెప్పి ఏడ్చిందట.

నన్ను బాబాయ్ అని పిలిచే ఆ అమ్మాయికి ఇది తొలి ఓటు. 2019లో ఆమెకు 18 నిండలేదు. ఈసారి ఓటర్ల జాబితాలో 18, 19 ఏళ్ల వారు దాదాపు 1.8 కోట్ల మంది అని ఎన్నికల సంఘం ప్రకటించినప్పుడు, వారు ఎటు మొగ్గుతారన్న ఊహాగానాలతో మా వృత్తివాళ్లం పుటలు నింపాము. పోలింగుకు ముందు నేనూ ఈ అమ్మాయిని అదే అడిగాను. ఫలితాల తర్వాత తిరిగి పలకరించాలని మాత్రం నాకు తోచలేదు. జూన్ మూడవ వారంలో ఆమే వచ్చింది.

వచ్చిన పని వేరు. జూన్ 18న ఆమె యూజీసీ నెట్ రాసింది. మర్నాడే ఆ పరీక్ష రద్దయింది. రాసిన 9 లక్షల పైచిలుకు మందిలో తానూ ఒకతె. ఇంట్లో తమ్ముడు, ఇక్కడ తాను, ఇద్దరి చదువులూ ఒకే నెలలో సందేహంలో పడ్డాయి. అయినా ఆమె మాట్లాడింది పరీక్ష గురించి కాదు, ఓటు గురించి.

"బాబాయ్, ఒకటిన్నర రోజు రైల్లో కూర్చుని వెళ్లాను. అంతే సేపు ప్రయాణం చేసి తిరిగి వచ్చాను. చదువుకోవలసిన రోజులు పోయాయి. మరోసారైతే వెళ్లను."

యువతకు ఓటంటే శ్రద్ధ లేదన్న నింద మనకు సులువుగా అలవాటైంది. ఈ అమ్మాయి విషయంలో అది ఎలా నిలుస్తుంది? ఢిల్లీలోనే పేరు నమోదు చేయించుకోవాలని ఆమె ప్రయత్నించింది. గుర్తింపు పొందిన కోర్సులో చేరి హాస్టల్లో ఉండే విద్యార్థి, విద్యాసంస్థ ధ్రువపత్రంతో అక్కడే ఓటరు కావచ్చు. కాని ఈమె ఉండేది హాస్టల్లో కాదు, ఒక ఇంటి మూడవ అంతస్తులో అద్దెగదిలో. అద్దెకిచ్చిన పెద్దమనిషి నెలనెలా డబ్బు పుచ్చుకుంటాడు. ఆ అమ్మాయి తన ఇంట్లో ఉంటోందని కాగితం మీద సంతకం మాత్రం పెట్టడు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటరును 'సాధారణ నివాసి'గానే గుర్తిస్తుంది. అప్పటి దేశంలో మనిషికి ఒక ఊరూ ఒక ఇల్లూ ఉండేవి. ఇప్పటి పాతికేళ్ల లోపు వారికి ఉండేది సూట్‌కేసు.

ఈ సంగతి ఎన్నికల సంఘానికి తెలియనిది కాదు. 2019లో దాదాపు 30 కోట్ల మంది ఓటు వేయలేదని, వలస అందుకొక కారణమని 2022 డిసెంబరులో అదే చెప్పింది. ఒక్క యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు వేయించగల నమూనాను తయారుచేసి 2023 జనవరిలో పార్టీలకు చూపబోయింది. ప్రతిపక్షాలు సందేహాలు లేవనెత్తాయి. ఆ సందేహాలలో కొన్ని సహేతుకమైనవే. ఒక రాష్ట్రపు పోలింగు కేంద్రాన్ని మరో రాష్ట్రంలో నడిపితే అక్కడ ఏజెంట్లుగా ఎవరు కూర్చుంటారు? ప్రవర్తనా నియమావళిని ఎవరు అమలుచేస్తారు? జవాబులు వెతకడం మాని, అందరూ కలిసి ఆ యంత్రాన్నే మరచిపోయారు. మే 13కు ముందు విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు వద్ద బారులు తీరిన కార్లను మనం పండుగలా చూపించుకున్నాము. ఆంధ్రలో పోలింగు 80 శాతం దాటింది, నిజమే. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో అది 48 శాతం. సొంత ఖర్చుతో ఊరు చేరగలిగినవారి ఓటు లెక్కకు వచ్చింది. చేరలేనివారిని బద్ధకస్తులన్నాము.

ఇంతవరకు ఆమె ఫిర్యాదుతో నాకు పేచీ లేదు. పేచీ వచ్చింది ఆమె తర్వాత అన్న మాటతో.

ఆంధ్రలో లోక్‌సభకూ శాసనసభకూ పోలింగు ఒకే రోజు. రెండు యంత్రాలు, రెండు మీటలు. "నిజం చెప్పనా బాబాయ్, నేను ఆలోచించింది ఒక్క ఓటు గురించే. ముఖ్యమంత్రి ఎవరన్నదే. రెండవది దాని వెంట పడిపోయింది" అంది. వరుసలో ముందున్నవారూ వెనకున్నవారూ అలాగే మాట్లాడుకున్నారట. ఎవరికి వేశావని నేను అడగలేదు. అడగవద్దని ముందే చెప్పింది.

ఆ రెండవ ఓటు ఏమైందో చూడండి. బీజేపీకి 240 స్థానాలు వచ్చాయి. కావలసినవి 272. ఆంధ్రలోని 25 స్థానాలలో 16 తెలుగుదేశానివి. ముఖ్యమంత్రి కోసం వేసిన ఓటు వెంట అన్యమనస్కంగా పడిన ఆ ఓట్లే ఢిల్లీలో ప్రభుత్వం నిలబడడానికి ఆధారమయ్యాయి. ఆమె నియోజకవర్గం నుంచి మూడవసారి గెలిచిన రామ్మోహన్ నాయుడు 36 ఏళ్లకు కేంద్ర కేబినెట్ మంత్రి అయ్యారు. తమ్ముడి నీట్, తన నెట్, రెండూ కేంద్రం చేతిలోని పరీక్షలు. అంటే ఆమె బతుకును ఆ నెలలో తాకినదంతా, తాను ఆలోచించకుండా వేసిన ఓటు పరిధిలోనిదే. రహదారి కోసం, ఉద్యోగం కోసం, రాజధాని కోసం ఆలోచించి వేసిన ఓటు వేరు.

తప్పు ఆమెది కాదని నేనంటే అది లాలింపు. కొంత ఆమెదే. నేను 1999లో తొలిసారి ఓటు వేసినప్పుడు కూడా మాకు రెండు ఓట్లుండేవి. ఒక్క ఓటు తేడాతో వాజపేయి ప్రభుత్వం పడిపోయి వచ్చిన ఎన్నికలవి. అయినా నేను ఢిల్లీ గురించి ఆలోచించిన గుర్తు లేదు. ఓటు వయసును 21 నుంచి 18కి దించిన రాజ్యాంగ సవరణ 1989లో అమలులోకి వచ్చింది. ఆ వరమిచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం అదే ఏడాది ఎన్నికలలో దిగిపోయింది. యువత ఎవరి జేబులోనూ ఉండదని ఆనాడే తేలినా, ప్రతి ఎన్నికకూ పార్టీలు జేబు విప్పి చూసుకుంటూనే ఉన్నాయి.

జూన్ 28న లోక్‌సభలో నీట్‌పై చర్చకు ప్రతిపక్షం పట్టుబట్టడం, గొడవ మధ్య సభ సోమవారానికి వాయిదా పడడం ఆమె గదిలో కూర్చుని ఫోన్‌లో చూసింది. రద్దయిన నెట్ పరీక్షకు కొత్త తేదీలు కూడా అదే రాత్రి వచ్చాయి: ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 వరకు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. మరోసారి ఓటుకు వెళతానని అనలేదు, వెళ్లననీ అనలేదు. తమ ఎంపీకి ఒక ఉత్తరం రాశానని చెప్పి, చదివి వినిపించింది. రెండు పుటలు. చాలావరకు తమ్ముడి సంగతే. సంబోధన దగ్గర ఆగింది.

"గౌరవనీయులైన కేంద్ర మంత్రివర్యులకు అని రాశాను బాబాయ్. సరిపోతుందా?"

మంత్రి అన్న మాట కొట్టేసి, మా పార్లమెంటు సభ్యులకు అని రాయమన్నాను. 'మా' ఎందుకని అడిగింది. రైలు టిక్కెట్టు నీ దగ్గర ఇంకా ఉందా అని అడిగాను. ఉందట.