మనవణ్ని చూడాలంటే.. కస్టడీ అడగాల్సిందేనా?

మనవణ్ని చూసే హక్కు నాయనమ్మ, తాతయ్యలకు చట్టంలో ఉందా? గ్రూప్స్ ఇంటర్వ్యూలో ఇలా అడిగితే చాలామంది ‘ఎందుకుండదు సార్’ అనేస్తారు. నాయనమ్మ పెట్టిన ముద్దలు తిని పెరిగినవాళ్లం కదా! కానీ ఆ హక్కు మన చట్టాల్లో విడిగా రాసి లేదు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్నే తీసుకోండి. తనను తాను పోషించుకోలేని తాతయ్య, మేజరైన మనవడి నుంచి పోషణ ఖర్చు అడగొచ్చు. అదే మనవడు పసివాడిగా ఉన్నప్పుడు ‘ఒకసారి చూడనివ్వండి’ అని అడగడానికి అందులో సెక్షన్ లేదు.

అందుకే చాలామంది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద తమనే సంరక్షకులుగా నియమించమని కోర్టుకెళ్తారు. చిక్కంతా ఇక్కడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఒక కేసు చూడండి. 2006లో కొడుకు చనిపోయాడు. మరుసటి ఏడాది కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంది. 2008లో అత్తమామలు పిటిషన్ వేశారు. కింది కోర్టు సంరక్షణ ఇవ్వలేదు కానీ, అప్పుడప్పుడు చూసే వీలు కల్పించింది. తర్వాత గొడవ పిల్లాడి ఇంటిపేరు మీదకు మళ్లింది. అది తల్లి ఇష్టమేనని సుప్రీంకోర్టు 2022 జులైలో తేల్చేసరికి ఆ బాబుకు పదహారేళ్లు!

తల్లిదండ్రులు ఇద్దరూ లేకపోతే సంగతి వేరు. కొవిడ్‌తో అమ్మానాన్నలు పోయిన ఓ బాబును గుజరాత్ హైకోర్టు తల్లి సోదరికి అప్పగిస్తే, సుప్రీంకోర్టు 2022 జూన్‌లో నాయనమ్మ, తాతయ్యలకు ఇచ్చింది. వయసు, ఆదాయం మాత్రమే చూసి నిర్ణయించకూడదంది. ఏ కేసులోనైనా కోర్టుకు ముఖ్యం పిల్లల క్షేమం. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ చెప్పేదీ అదే.

అలాగని హక్కును మరీ విశాలంగా రాసినా ఇబ్బందే. ఎవరైనా, ఎప్పుడైనా పిల్లల్ని చూస్తామని కోర్టును కోరవచ్చని అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం చట్టం చేసింది. 2000లో ట్రాక్సెల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తల్లి పక్షానే నిలిచింది.

మనకు అంత పెద్ద చట్టం అక్కర్లేదు. కస్టడీ జోలికి పోకుండా, నెలకు రెండు ఆదివారాలు చూడనిస్తే చాలని నేరుగా అడిగే దారి ఉంటే, బిడ్డను లాక్కుపోతారేమోనన్న భయం కోడలికి ఉండదు.