అబ్బా దాచిన గోలీలు

మా అబ్బాకు గుండె బీమారీ బయటపడి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ప్రాణం మీదికి వచ్చింది ఒక్కసారే. అదీ బీమారీ ముదిరి కాదు. రెండు గోలీలు మానేసినందుకు. ఎవరికీ చెప్పకుండా మానేసినందుకు. ఎందుకు మానేశారో ఇవాళ రాస్తున్నా. అబ్బా ఇజాజత్ తీసుకునే రాస్తున్నా. "రాయ్ బేటా, నలుగురికి పనికొస్తే సవాబే కదా" అన్నారు.

ముందు బీమారీ సంగతి. డాక్టర్ 'హార్ట్ ఫెయిల్యూర్' అనగానే అమ్మీ ఏడుపు అందుకుంది. గుండె ఆగిపోయిందనే అనుకుంది. అది గుండె ఆగడం కాదు, బలం తగ్గడం. మోటారు సరిగా తోడకపోతే నీళ్లు వెనకే నిలిచిపోతాయి కదా, అలా ఒంట్లో నీరు నిలుస్తుంది. కాళ్లలో, కడుపులో, ఊపిరితిత్తుల్లో. పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. పడుకుంటే దమ్ము ఆడదు. ఒక తకియా రెండవుతుంది, రెండు మూడవుతాయి. పాత హకీంలు ఇలా నీరు పట్టే బీమారీని ఇస్తిస్ఖా అనేవాళ్లు. వాన కోసం చదివే నమాజ్ పేరూ అదే. నీళ్లు అడగడం అని దాని మాట. ఒళ్లంతా నీరున్నా దాహం తీరని బీమారీ మరి!

ఆ నీటిని పేషాబ్ దారిన బయటికి పంపేది లాసిక్స్ గోలీ. వేసుకున్న గంటలోపు పని మొదలుపెడుతుంది, దాదాపు ఆరు గంటలు పనిచేస్తుంది. ఆ ఆరు గంటలూ మనిషి బాత్‌రూమ్ చుట్టూ తిరగాల్సిందే. మా అబ్బా అయిదు పూటలా జమాత్‌తో నమాజ్ చదివే మనిషి. సఫ్‌లో నిలబడితే పేషాబ్. మళ్లీ వుజూ చేసి వచ్చేసరికి రెండు రకాత్‌లు అయిపోయేవి. మొదట జుమా రోజు మాత్రమే గోలీ మానేసేవారట. రంజాన్ వచ్చింది. డాక్టర్‌ను అడగకుండానే రోజాలు పట్టారు. మేమూ అడగలేదు, ఆ తప్పు మాది. పగలు గోలీ వేసుకోలేరు. ఇఫ్తార్‌కి వేసుకుంటే తరావీహ్ మొత్తం పేషాబే. అందుకని పూర్తిగా మానేశారు. గోలీల పత్తా మాత్రం రోజూ ఒకటి చొప్పున ఖాళీ అవుతూనే ఉంది. ఆ గోలీలు షేర్వానీ జేబులో దొరికాయి, తర్వాత.

రెండో గోలీ సంగతి ఇంకా నాజూకైంది. ఆల్డాక్టోన్ అనే గోలీ వల్ల ఆయనకు ఛాతీ మీద రొమ్ములు వాచాయి, తాకితే నొప్పి. డెబ్బై ఏళ్ల మగమనిషి ఎవరితో చెప్పుకుంటాడు? కొడుకుని, నాకే చెప్పలేదు. అమ్మీకి కూడా చెప్పలేదు. ఇంట్లో కుర్తా తీయడం మానేశారు, అంతే. మేం దాన్ని వయసు మీద పడ్డ సిగ్గనుకున్నాం.

పదిహేడో రోజా రాత్రి తరావీహ్ మధ్యలోనే ఇంటికొచ్చేశారు. సహర్ వేళకి కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుని గాలి కోసం నోరు తెరుస్తున్నారు. మాట రావట్లేదు. దవాఖానాలో అయిదు రోజులు, ఆక్సిజన్, నరంలోకి లాసిక్స్ ఇంజెక్షన్లు. ఇంటికి తెచ్చేసరికి ఆరు కిలోల బరువు తగ్గారు. అదంతా నీరే.

డాక్టర్ కోప్పడలేదు. ఛాతీ చూసి, "ఈ మాట మొదటి నెలలోనే చెబితే గోలీ మార్చేవాణ్ణి కదా చాచా" అన్నాడు. ఎప్లెరినోన్ అని అదే పని చేసే ఇంకో గోలీ రాశాడు. దానితో ఆ తక్లీఫ్ చాలా తక్కువట. కొన్ని నెలల్లో వాపు తగ్గింది. రెండు నిమిషాల మాట దాచినందుకు అయిదు రోజులు ఐసీయూ.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన ఇళ్లలో మందు మానేయడానికి మూర్ఖత్వం కారణం కాదు. హయా కారణం. పాకీ మీద ఫిక్ర్ కారణం. ఆ రెండూ మంచివే. కానీ వాటిని డాక్టర్ దగ్గర, ఇమాం దగ్గర నోరు విప్పి చెప్పకపోతే అవే జాన్ తీస్తాయి.

గోలీల వల్ల తక్లీఫ్ ఉండదని నేననను. ఉంటుంది. లాసిక్స్‌తో పొటాషియం, సోడియం పడిపోతాయి. పిక్కలు పట్టేస్తాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు వాచవచ్చు. రామిప్రిల్ లాంటివాటితో పొడి దగ్గు. మెటోప్రోలాల్ లాంటివి మొదలుపెట్టిన కొత్తలో ఒళ్లంతా నీరసం. డాపాగ్లిఫ్లోజిన్ అని షుగర్ కోసం వచ్చిన గోలీ ఇప్పుడు షుగర్ లేని గుండె పేషెంట్లకూ ఇస్తున్నారు. దానితో పేషాబ్ జాగాలో దురద, ఫంగస్ రావచ్చు. ఇది చెప్పడానికీ ఆడవాళ్లకి, మగవాళ్లకి శరమే. అయితే త్రాసులో ఇంకో పళ్లెం కూడా చూడాలి. 1999లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో గుండె బాగా దెబ్బతిన్న పేషెంట్లకు మా అబ్బా మానేసిన ఆ ఆల్డాక్టోన్ మందే ఇస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. అదే అధ్యయనంలో మగవాళ్లలో 10 శాతం మందికి రొమ్ము వాపో నొప్పో వచ్చింది. రెండూ నిజమే. అందుకే మందు మానడం కాదు, మార్పించుకోవడం దారి.

మజ్‌హబ్ పేరుతో మనం పెట్టుకున్న అడ్డంకులు మజ్‌హబ్‌లో లేవు. బీమార్‌కి రోజా మాఫీ అని ఖురాన్‌లోనే సూరె బఖరాలో ఉంది. బాగయ్యాక ఖజా పట్టుకోవచ్చు, బాగవ్వని బీమారీ అయితే ఫిద్యా ఇవ్వొచ్చు. నిలబడలేని మనిషి కూర్చుని నమాజ్ చదవొచ్చు. పేషాబ్ ఆగని మనిషిని షరియత్ మాజూర్ అంటుంది. ఆ షర్తులు కుదిరితే ఒక్కో నమాజ్ వక్త్‌కి ఒక్క వుజూ చాలని మా ఇమాం సాబ్ చెప్పారు. అబ్బాకు అంతదూరం కూడా అక్కర్లేకపోయింది. డాక్టర్ ఆయన టైంటేబుల్ అడిగి, గోలీని ఫజర్ నాష్తా తర్వాతకి మార్చాడు. జొహర్‌కి జోరు తగ్గుతుంది, అసర్ నుంచి ఇషా దాకా ఆరామ్. జుమా రోజు ఎలా వేసుకోవాలో కూడా రాసిచ్చాడు. అడిగితే అంతే పని.

ఆడవాళ్ల హాల్ ఇంకా కష్టం. షాదీకి వెళ్లాలన్నా, బస్సెక్కాలన్నా మా ఖాలా ఆ రోజు నీళ్ల గోలీ మింగదు. బుర్ఖాతో బాత్‌రూమ్ ఎక్కడ వెతుక్కోవాలి? ఆమెను తప్పుబట్టే ముందు మన ఫంక్షన్ హాళ్లు చూడండి. మన మసీదులు చూడండి. మార్బుల్ మారుస్తాం, ఝూమర్లు వేలాడదీస్తాం, మోకాళ్లు వంగని ముసలాయన కోసం ఒక్క కమోడ్ పెట్టం. కమిటీ పెద్దలారా, వచ్చే చందాలో మొదటి ఖర్చు అదే చేయండి. వుజూఖానాలో పట్టుకోవడానికి ఒక రాడ్, సఫ్ చివర నాలుగు కుర్చీలు. ఇది కూడా ఖిద్మతే.

ఇంట్లో మేం ఇప్పుడు పాటిస్తున్నవి కొన్నే. రోజూ పొద్దున పేషాబ్‌కి వెళ్లొచ్చాక, నాష్తాకి ముందు అబ్బాను బరువు కాటా ఎక్కిస్తాం. క్యాలెండర్‌లో రాస్తాం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే కాళ్ల వాపు కోసం ఆగం, ఫోన్ చేస్తాం. అచార్, పాపడ్, బేకరీ నమ్కీన్ బంద్. ఉప్పుకి బదులు మార్కెట్లో దొరికే 'తక్కువ సోడియం' ఉప్పులో పొటాషియం ఉంటుంది, ఆయన గోలీలతో అది ఖతర్నాక్. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పుల గోలీలు, డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి, నీటిని ఆపుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. అందుకని అవీ వద్దు. డాక్టర్ చెప్పిన నీళ్ల లెక్కలోకి చాయ్, షోర్బా, చివరికి జంజం కూడా వస్తాయి. వాంతులు, విరేచనాలు అయిన రోజు మాత్రం గోలీలు ఎప్పట్లా వేయకుండా ముందు డాక్టర్‌ను అడుగుతాం. రక్తపరీక్ష చెప్పిన టైంకి చేయిస్తాం. ఇంకోమాట, కాళ్ల వాపు ప్రతిసారీ గుండెదే కాదు. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్‌తో కూడా వస్తుంది. మీ అంతట మీరు ఫైస్లా చేయకండి.

ఈ జుమా నమాజ్ అయ్యాక ఇంటికెళ్లి మీ అబ్బా పక్కన కూర్చోండి. "గోలీ వేసుకున్నావా?" అని అడగకండి. దానికి అందరూ హా అనే అంటారు. "ఆ గోలీతో నీకేం తక్లీఫ్ అవుతోంది?" అని అడగండి. మగమనిషికి కొడుకు అడగాలి, అమ్మీకి కూతురు అడగాలి. మొదటిసారి చెప్పకపోవచ్చు. మళ్లీ అడగండి. మా అబ్బాను ఎవరైనా అలా అడిగి ఉంటే ఆ పదిహేడో రోజా రాత్రి మా ఇంటికి వచ్చేది కాదు. అల్లా అందరి వాలిదైన్‌కి షిఫా ఇవ్వాలి. ఆమీన్.