కొండను కాలినడకనే ఎక్కాలి

విహారయాత్ర అనగానే కళాశాలల్లో మొదట చర్చకు వచ్చేవి బస్సు, భోజనం, చందా. అక్కడికి వెళ్లి విద్యార్థులు ఏమి చేస్తారన్న ప్రశ్న చివరివరకూ రాదు. బస్సు కొండపైదాకా పోతుంది. అందరూ దిగి, ఫొటోలు తీయించుకొని, తిరిగి ఎక్కుతారు. ఉర్దూలో 'సైర్' అన్నా, తెలుగులో 'విహారం' అన్నా ఆ మాటల్లో నడక ఉన్నది. ఆ నడకను మన యాత్రలకు తిరిగి తేవాలని, సంవత్సరానికి ఒక కొండనైనా విద్యార్థినీ విద్యార్థులు కాలినడకన ఎక్కి దిగాలని మా అభిప్రాయం. ఈ సంవత్సరానికి విశాఖపట్నంలోని కైలాసగిరిని సూచిస్తున్నాము.

యూసుఫ్‌గూడ వారికి కొండలు కొత్త కావు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ పేర్లలోనే కొండలున్నాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి ఆ గ్రానైటు శిలలు ఎన్నో పగిలి భవనాల పునాదులలో కలిసిపోయాయి. 1998లో జాతీయోద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి వనం వంటి చోట్ల కొన్ని మిగిలాయి. ఇక సముద్రం మనలో చాలామందికి వెండితెర మీదనే పరిచయం. 1978లో వచ్చిన 'మరో చరిత్ర' విశాఖ, భీమిలి తీరాలను తెలుగువారి కళ్లకు కట్టింది. ఆ తీరాన్ని చెమటోడ్చి ఎక్కిన ఎత్తునుండి చూడటం వేరు.

కైలాసగిరికి సముద్రం వైపునుండి నిటారైన మెట్లదారి ఉన్నది. వాహనాలకు ఘాట్ రోడ్డు ఉన్నది. మెట్లపై ఎక్కి, పైభాగమంతా చుట్టి, ఘాట్ రోడ్డు మీదుగా దిగితే ఒక పూటలో ప్రదక్షిణం పూర్తవుతుంది. పైనుండి చూస్తే తూర్పున బంగాళాఖాతం; దక్షిణాన వంపు తిరిగిన తీరం చివర డాల్ఫిన్స్ నోస్ కొండ, దానిపై 1957 నాటి దీపస్తంభం; ఉత్తరాన ఋషికొండ తీరం. ఈ ప్రాంతపు శిల ఖోండలైట్. తూర్పు కనుమలలోని ఖోండు గిరిజనుల పేరిట 1902లో దానికి ఆ పేరు పెట్టారు. మన గ్రానైటువలె కాక, ఇది ఎండకూ వానకూ త్వరగా శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. కాబట్టి మెట్లు విడిచి అడ్డదారులు తొక్కేవారికి కాలు జారే ప్రమాదమున్నది.

చుట్టుదారినే ఎందుకు కోరుతున్నామో చెప్పాలి. వెళ్లిన దారినే తిరిగివచ్చే యాత్రలో అలసినవారు మధ్యలో కూర్చుండిపోతారు. బలమున్నవారు శిఖరం చూసి వస్తారు. చుట్టుదారిలో ఆ వీలు లేదు. అందరూ పూర్తిచేయాలి, కనుక ఒకరికోసం ఒకరు ఆగాలి. అందరికంటె నెమ్మదిగా నడిచేవారిని ముందు నిలిపి, చురుకైనవారు వెనుక నడవాలి. తరగతి గదిలో కూడా ఈ పద్ధతి అవసరమే.

ఆడపిల్లలను పంపడానికి కొందరు తల్లిదండ్రులు సందేహిస్తారు. ఆ సందేహాన్ని మేము తేలికగా చూడటం లేదు. దానికి పరిష్కారం జాబితానుండి వారి పేర్లు కొట్టివేయడం కాదు. తగినందరు అధ్యాపికలను తోడు పంపడం, కార్యక్రమాన్ని ఇళ్లకు ముందుగా తెలియజేయడం. తీరపు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరక త్వరగా అలసట వస్తుంది. అందుచేత డిసెంబరు, జనవరి మాసాలలో, తెల్లవారగానే నడక ఆరంభించాలి. ప్రతివారి వద్దా నీరుండాలి.

సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాటి ఉదయానికి విశాఖ చేరవచ్చు. కైలాసగిరి దిగిన తరువాత రేవు సమీపంలోని మూడు కొండలనూ దర్శించాలి. రాస్ కొండపై మేరీమాత చర్చి, పక్క కొండపై దర్గా, ఆ పక్కన వేంకటేశ్వరుని ఆలయం ఒకే వరుసలో నిలిచి ఉన్నాయి. రెండు భాషల విద్యార్థులు కలిసి చదివే మన కళాశాలకు ఇంతకంటె తగిన గమ్యం మాకు తోచడం లేదు.

ఈ యాత్రను కార్యవర్గం వారు రాబోయే విద్యాసంవత్సరపు కార్యక్రమంలో చేర్చాలని, ఖర్చు భరించలేని విద్యార్థులకు కళాశాల నిధినుండి సహాయం చేయాలని సవినయంగా కోరుతున్నాము. విద్యార్థి మిత్రులు ఈలోగా ఉదయం పూట మన చుట్టుపక్కల ఎత్తుదారులలో నడిచి, కాళ్లను సిద్ధం చేసుకోవాలి.